జోసెఫ్ కల్మన్: సిగరెట్ కంపెనీ అధినేత, టెన్నిస్ నిర్వాహకుడు – తరచుగా అడిగే ప్రశ్నలు

మహిళల టెన్నిస్ చరిత్ర ప్రస్తావనకు వచ్చినప్పుడల్లా పాఠకులు ‘ఒక్క డాలరు ఒప్పందం’ దగ్గర, అంటే 1970లో తొమ్మిది మంది క్రీడాకారిణులు వేరే పోటీలో ఆడేందుకు తలా ఒక డాలరుకు కుదుర్చుకున్న ఒప్పందం దగ్గర ఆగి, ఆ పోటీకి డబ్బు ఎవరిచ్చారని అడుగుతున్నారు. ఒక సిగరెట్ కంపెనీ ఇచ్చిందని చెప్పగానే ఇంకెన్నో సందేహాలు పుట్టుకొస్తున్నాయి. ఆ కంపెనీని అప్పట్లో నడిపిన జోసెఫ్ కల్మన్ గురించి మళ్లీ మళ్లీ వచ్చే ప్రశ్నలను, ఆయన జీవితంలోని దశల వారీగా ఇక్కడ కూర్చాము. ఏ ప్రశ్నకు ఆ ప్రశ్నగా చదువుకోవచ్చు.

## కుటుంబం, తొలి రోజులు

జోసెఫ్ కల్మన్ ఎవరు? క్లుప్తంగా చెప్పండి.

1912లో న్యూయార్క్‌లో పుట్టి, 2004లో 92 ఏళ్ల వయసులో మరణించిన అమెరికన్ వ్యాపారవేత్త ఆయన. మార్ల్‌బరో సిగరెట్ తయారుచేసే ఫిలిప్ మోరిస్ కంపెనీకి 1957 నుంచి 1978 వరకు నాయకత్వం వహించి, అమెరికాలోని ఆరు పెద్ద సిగరెట్ కంపెనీలలో చిట్టచివరిదిగా ఉన్న దానిని రెండో స్థానానికి తెచ్చారు. అదే కాలంలో యూఎస్ ఓపెన్ టెన్నిస్ పోటీలకు ఛైర్మన్‌గా వ్యవహరించారు, మహిళల వృత్తి టెన్నిస్‌కు మొదటి పెద్ద స్పాన్సర్‌ను సమకూర్చారు, 1990లో అంతర్జాతీయ టెన్నిస్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో స్థానం పొందారు. ఒక ఊపిరితో ఆయన పొగాకు జీవితాన్నీ, మరో ఊపిరితో క్రీడా జీవితాన్నీ చెప్పడం చాలామందికి అలవాటు. ఆ రెండింటినీ విడదీసి చూస్తే ఏదీ సరిగా అర్థం కాదని మా అభిప్రాయం.

పొగాకు వ్యాపారం ఆయనకు వారసత్వంగా వచ్చిందా, సొంతంగా ఎంచుకున్నారా?

వారసత్వమే. కల్మన్ కుటుంబం 19వ శతాబ్దంలో జర్మనీ నుంచి అమెరికాకు వలస వచ్చి ఆకు పొగాకు వ్యాపారంలో స్థిరపడింది. కనెక్టికట్ లోయలో పొలం మీద పలుచని గుడ్డ పందిరి కప్పి, నీడలో పెంచే పొగాకు ఆ కుటుంబానికి ప్రధానమైన సరుకు. నేరుగా ఎండ తగలకుండా పెరిగిన ఆ ఆకు పలుచగా, మెత్తగా ఉండి, సిగార్‌కు పైపొరగా చుట్టడానికి పనికొస్తుంది. హాచ్‌కిస్ పాఠశాలలోనూ యేల్ విశ్వవిద్యాలయంలోనూ చదివి 1935లో పట్టభద్రుడైన కల్మన్, సంపన్నుల బిడ్డే అయినప్పటికీ, సిగార్ దుకాణంలో గుమాస్తాగా చేరి ఈ వ్యాపారాన్ని కింది మెట్టు నుంచి నేర్చుకున్నారు. 1941లో ఆయన తండ్రి బెన్సన్ అండ్ హెడ్జెస్ అనే చిన్న సిగరెట్ కంపెనీని కొన్నారు. సిగార్ల కుటుంబం సిగరెట్లలోకి అడుగుపెట్టింది అప్పుడే.

ఆయన యుద్ధంలో పనిచేశారంటారు, నిజమేనా?

నిజమే. రెండో ప్రపంచ యుద్ధకాలంలో అమెరికా నౌకాదళంలో చేరి, పసిఫిక్ మహాసముద్రంలో పోరాడిన మాంట్‌పీలియర్ అనే క్రూజర్ నౌక మీద ఫిరంగుల విభాగంలో అధికారిగా పనిచేశారు. యుద్ధం ముగిశాక తిరిగి వచ్చి కుటుంబ సిగరెట్ కంపెనీలో చేరారు.

## ఫిలిప్ మోరిస్ సంవత్సరాలు

బెన్సన్ అండ్ హెడ్జెస్‌లో ఉన్న వ్యక్తి ఫిలిప్ మోరిస్‌కు అధిపతి ఎలా అయ్యారు?

1950ల తొలి సంవత్సరాలలో ధూమపానానికీ ఊపిరితిత్తుల క్యాన్సర్‌కూ సంబంధం ఉందన్న పరిశోధనలు పత్రికలకెక్కాయి. భయపడిన జనం ఫిల్టర్ సిగరెట్ల వైపు మొగ్గారు. ఫిలిప్ మోరిస్ దగ్గర అప్పటికి చెప్పుకోదగ్గ ఫిల్టర్ సిగరెట్ లేదు, బెన్సన్ అండ్ హెడ్జెస్ దగ్గర మాత్రం పార్లమెంట్ అనే ఫిల్టర్ సిగరెట్ ఉంది. 1954లో ఫిలిప్ మోరిస్ ఆ చిన్న కంపెనీని కొనుక్కోగా, సిగరెట్‌తో పాటు దాన్ని నడుపుతున్న కల్మన్ కూడా ఉపాధ్యక్షుడి హోదాలో పెద్ద కంపెనీలోకి వచ్చారు. మూడేళ్లు తిరిగేసరికి, 1957లో, ఆయనే అధ్యక్షుడయ్యారు. ఫిల్టర్ తగిలించినంత మాత్రాన సిగరెట్ నిరపాయకరం కాదని తర్వాతి దశాబ్దాలు నిరూపించాయి. అయినా ఆయన ఎదుగుదలకు తొలి మెట్టు జనంలోని ఆ భయమేనన్నది మరువరాని విషయం.

మార్ల్‌బరో కౌబాయ్ ఈయన ఆలోచనేనా?

కాదు. మార్ల్‌బరో 1924లో మహిళల సిగరెట్‌గా, సుతిమెత్తని సరుకుగా బజారుకొచ్చింది. దానిని మగవారి సిగరెట్‌గా మార్చి, ఎరుపు తెలుపు రంగుల గట్టి అట్టపెట్టెలో పెట్టి, కౌబాయ్ బొమ్మతో ప్రచారం చేసింది 1954–55 ప్రాంతంలో షికాగోకు చెందిన లియో బర్నెట్ ప్రకటనల సంస్థ. అప్పటికి కల్మన్ కంపెనీలో కొత్తగా చేరిన ఉపాధ్యక్షుడు మాత్రమే. కానీ ఆ ప్రచారాన్ని దశాబ్దాల పాటు చెదరనివ్వకుండా నిలబెట్టి, దాని వెనుక అంతులేని డబ్బు గుమ్మరించి, విదేశాలకు మోసుకెళ్లింది ఆయన నాయకత్వమే. 1972 నాటికి మార్ల్‌బరో ప్రపంచంలోకెల్లా ఎక్కువగా అమ్ముడుపోయే సిగరెట్ అయింది.

సిగరెట్ ప్రాణాలు తీస్తుందని ఆయనకు తెలియదా?

అడిగినవారిలో చాలామంది ఈ ప్రశ్నను ఆవేదనతో అడిగారు, అందుకే జవాబు కాస్త వివరంగా ఇస్తున్నాము. 1954 జనవరి 4న అమెరికా సిగరెట్ కంపెనీలు కలిసి నాలుగు వందలకు పైగా పత్రికలలో ఒక ప్రకటన వేయించి, తమ సరుకు ఆరోగ్యానికి హానికరమని తాము నమ్మడం లేదనీ, నిజానిజాలు తేల్చే పరిశోధనకు సహకరిస్తామనీ ప్రజలకు మాట ఇచ్చాయి. 1964 జనవరి 11న ఆ దేశపు సర్జన్ జనరల్ (ప్రజారోగ్యంపై ప్రభుత్వ ప్రధాన వైద్యాధికారి) నివేదిక, సిగరెట్ పొగ పురుషులలో ఊపిరితిత్తుల క్యాన్సర్‌కు కారణమని విస్పష్టంగా ప్రకటించింది. ఆ నివేదిక వచ్చేనాటికి ఫిలిప్ మోరిస్ పగ్గాలు కల్మన్ చేతిలో ఏడేళ్లుగా ఉన్నాయి. ఆ తర్వాత మరో పద్నాలుగేళ్లు కూడా ఆయన చేతిలోనే ఉన్నాయి. అంతకాలమూ ఆయన, ఆయన తోటి కంపెనీల అధినేతలు, ‘ఇంకా రుజువు కాలేదు’ అన్న మాట మీదే నిలబడ్డారు.

2006లో వాషింగ్టన్‌లోని ఫెడరల్ న్యాయమూర్తి గ్లాడిస్ కెస్లర్, ఫిలిప్ మోరిస్ సహా ప్రధాన సిగరెట్ కంపెనీలు ధూమపానం వల్ల కలిగే హాని గురించి దశాబ్దాల పాటు ప్రజలను కలిసికట్టుగా మోసగించాయని తీర్పు చెప్పారు. ఆ తీర్పు పరిశీలించిన కాలంలో కల్మన్ అధినేతగా ఉన్న 21 ఏళ్లూ ఇమిడి ఉన్నాయి. కాబట్టి తెలియదనే వాదనకు చోటు లేదు. శాస్త్రవేత్తలు ఏమంటున్నారో ఆయనకు తెలుసు, దానిని బహిరంగంగా ఒప్పుకోకుండా ఉండటమే కంపెనీ విధానంగా ఎంచుకున్నారు.

చిన్న బిడ్డలు పుట్టడం కొందరు మహిళలకు ఇష్టమేనని టీవీలో అన్నారట. ఇది కల్పితమా?

కల్పితం కాదు. 1971 జనవరి 3న సీబీఎస్ వారి ‘ఫేస్ ద నేషన్’ కార్యక్రమానికి ఆయన వచ్చారు. గర్భిణులు పొగతాగితే పుట్టే బిడ్డల బరువు తగ్గుతోందని చెప్పే అధ్యయనాన్ని విలేకరి ప్రస్తావించగా, బిడ్డలు చిన్నగా పుట్టడమే కొందరు స్త్రీలకు నచ్చుతుందన్న భావం వచ్చేలా బదులిచ్చారు. తక్కువ బరువుతో పుట్టిన శిశువుకు ప్రాణాపాయం ఎక్కువన్నది ప్రసూతి ఆసుపత్రి ఎరిగిన ఎవరికైనా తెలిసిన సంగతే. ఆ సమాధానం ఆయన పేరుకు శాశ్వతంగా అంటుకుపోయింది, అలా అంటుకోవడం న్యాయమే. ఇంకో సంగతి కూడా గమనించాలి. అదే నెలలో ఆయన కంపెనీ డబ్బుతో మహిళల టెన్నిస్ పర్యటన పూర్తిస్థాయిలో మొదలైంది.

సిగరెట్ కంపెనీ బీరు కంపెనీని ఎందుకు కొన్నది?

సిగరెట్ల భవిష్యత్తు మీద నీలినీడలు కమ్ముకుంటున్నప్పుడు రాబడిని వేరే సరుకుల మీదికి కూడా మళ్లించాలన్నది కల్మన్ వ్యూహం. 1969లో మిల్లర్ బీరు కంపెనీలో సగానికి పైగా వాటాను, 1970లో మిగిలిన వాటాను ఫిలిప్ మోరిస్ కొన్నది. 1975లో దేశమంతటా విడుదలైన మిల్లర్ లైట్ ప్రకటనలలో రిటైరైన ఆటగాళ్లే ప్రధాన పాత్రధారులు.

## టెన్నిస్ మైదానంలో

ఆయన స్వయంగా గొప్ప ఆటగాడా?

ఛాంపియన్ కాదు. జీవితాంతం ఇష్టంగా ఆడిన ఔత్సాహిక క్రీడాకారుడు. హాల్ ఆఫ్ ఫేమ్‌లో ఆయనకు చోటు దక్కింది రాకెట్ పట్టి సాధించిన విజయాలకు కాదు, ఆట అభివృద్ధికి చేసిన సేవకు. అమెరికా సంపన్న వర్గాలలో అప్పట్లో ఇటువంటి వారిని కూడా క్రీడాకారులుగానే లెక్కించేవారు. ఆట ఆడటం, చేపలు పట్టడం, క్లబ్బులకు పెద్దరికం వహించడం అన్నీ ఆ గౌరవంలో కలిసి ఉండేవి.

యూఎస్ ఓపెన్‌లో ఆయన చేసిన పని ఏమిటి?

1968లో టెన్నిస్ ‘ఓపెన్’ అయింది, అంటే డబ్బు తీసుకునే వృత్తి ఆటగాళ్లూ ఔత్సాహికులూ ఒకే పోటీలో ఆడవచ్చునని అంగీకారం కుదిరింది. ఆ మార్పు ఎంత గందరగోళంగా సాగిందో చెప్పడానికి ఆ ఏడాది యూఎస్ ఓపెన్ ఒక్కటి చాలు. పురుషుల టైటిల్ గెలిచిన ఆర్థర్ ఆష్ అప్పటికి ఔత్సాహికుడే కాబట్టి 14,000 డాలర్ల బహుమతి ఆయనకు అందలేదు, ఫైనల్‌లో ఓడిన టామ్ ఓకర్‌కు వెళ్లింది. అటువంటి సంధికాలంలో, 1969, 1970 సంవత్సరాలలో, న్యూయార్క్ ఫారెస్ట్ హిల్స్‌లో జరిగిన యూఎస్ ఓపెన్‌కు కల్మన్ ఛైర్మన్. పోటీలకు వ్యాపార సంస్థల డబ్బునూ టెలివిజన్ ప్రసారాన్నీ దగ్గర చేయడంలో ఆయన పరిచయాలు అక్కరకొచ్చాయి.

ఆ రెండేళ్లూ టెన్నిస్ చరిత్రలో నిలిచిపోయిన సంవత్సరాలు. 1969లో రాడ్ లేవర్, 1970లో మార్గరెట్ కోర్ట్ ఏడాదిలోని నాలుగు ప్రధాన టైటిళ్లూ గెలిచే ఘనతను ఆ మైదానంలోనే పూర్తిచేశారు. సెట్‌లో ఇద్దరూ ఆరేసి గేమ్‌లతో సమంగా నిలిచినప్పుడు విజేతను తేల్చే, ఈనాడు మనకు అలవాటైన టై బ్రేక్ గ్రాండ్ స్లామ్ పోటీలలో మొదటిసారి 1970లో అక్కడే ప్రవేశించింది. అప్పటి పద్ధతిలో తొమ్మిది పాయింట్లలో ఐదు ముందు గెలిచినవారికి సెట్ దక్కేది. 4–4 దగ్గర ఒక్క పాయింటు ఇద్దరినీ తేల్చేసేది.

‘ఒక్క డాలరు ఒప్పందం’ వెనుక ఉన్నది ఈయనేనా?

డబ్బు వైపు నుంచి చూస్తే ఆయనే, పోరాటం వైపు నుంచి చూస్తే కాదు. 1970లో లాస్ ఏంజెలెస్‌లో జరగవలసిన పసిఫిక్ సౌత్‌వెస్ట్ పోటీలో పురుషుల విజేతకు 12,500 డాలర్లు, మహిళల విజేతకు 1,500 డాలర్లు అని నిర్వాహకుడు జాక్ క్రేమర్ ప్రకటించారు. బిల్లీ జీన్ కింగ్, రోజీ కసాల్స్ తదితరులు ఈ వివక్షకు ఎదురుతిరిగారు. ‘వరల్డ్ టెన్నిస్’ పత్రిక స్థాపకురాలు గ్లాడిస్ హెల్డ్‌మన్ వారి కోసం హ్యూస్టన్‌లో వేరే పోటీని తలపెట్టి, డబ్బు కోసం తన మిత్రుడు కల్మన్‌ను సంప్రదించారు. ఆయన కంపెనీ 2,500 డాలర్లు కలపగా మొత్తం బహుమతి 7,500 డాలర్లయింది, పోటీకి వర్జీనియా స్లిమ్స్ అనే సిగరెట్ పేరు వచ్చింది.

అమెరికా టెన్నిస్ సంఘం ఆ క్రీడాకారిణులను నిషేధిస్తామని హెచ్చరించింది. అయినా 1970 సెప్టెంబరు 23న తొమ్మిది మంది హెల్డ్‌మన్‌తో తలా ఒక డాలరుకు ఒప్పందం కుదుర్చుకుని ఆటకు దిగారు. జీవనోపాధిని పణంగా పెట్టింది ఆ తొమ్మిది మంది. కల్మన్ పణంగా పెట్టింది ఒక పెద్ద కంపెనీ ప్రకటనల ఖర్చులో నలుసంత. ఆ తేడా తెలిసే మాట్లాడాలి. అయితే ఆ నలుసంత కూడా ఇవ్వడానికి అప్పట్లో ఇతర కంపెనీలు ముందుకు రాలేదన్నది కూడా అంతే నిజం. హ్యూస్టన్ ఫైనల్‌లో రోజీ కసాల్స్ జూడీ డాల్టన్‌ను ఓడించి 1,600 డాలర్లు గెలుచుకున్నారు. మరుసటి ఏడాది పర్యటన మొత్తం బహుమతి మూడు లక్షల డాలర్లు దాటింది, ఆ 1971లోనే బిల్లీ జీన్ కింగ్ ఒకే ఏడాదిలో లక్ష డాలర్లకు పైగా సంపాదించిన మొదటి క్రీడాకారిణి అయ్యారు.

టీవీలో సిగరెట్ ప్రకటనల నిషేధానికీ టెన్నిస్‌కూ ఏమిటి సంబంధం?

తేదీలు పక్కపక్కన పెట్టి చూడండి. మహిళల కోసమే తయారైన వర్జీనియా స్లిమ్స్ 1968లో, ‘ఎంత దూరం వచ్చేశావమ్మాయీ’ అన్న అర్థం వచ్చే నినాదంతో బజారులోకి వచ్చింది. రేడియో, టీవీలలో సిగరెట్ ప్రకటనలను నిషేధించే చట్టంపై అధ్యక్షుడు నిక్సన్ 1970 ఏప్రిల్ 1న సంతకం చేశారు. హ్యూస్టన్ పోటీ 1970 సెప్టెంబరులో జరిగింది. నిషేధం 1971 జనవరి 2 నుంచి అమలులోకి వచ్చింది. జనవరి 1కి బదులు 2 కావడానికి కారణం కూడా క్రీడలే. కొత్త సంవత్సరం రోజున ప్రసారమయ్యే కళాశాల ఫుట్‌బాల్ పోటీల మధ్య చివరిసారిగా సిగరెట్ ప్రకటనలు వేసుకోవడానికి వీలుగా ఆ ఒక్క రోజు వదిలారు.

టీవీలో ప్రకటన వేయరాదని చట్టం చెప్పింది గానీ, సిగరెట్ పేరు పెట్టుకున్న పోటీని చూపరాదని చెప్పలేదు. ప్రకటనల ఖర్చు ఆ సందులోంచి క్రీడల్లోకి ప్రవహించింది. 1972లో మార్ల్‌బరో పేరు బీఆర్ఎం జట్టు కార్ల మీద ఫార్ములా వన్‌లో కనిపించింది. 1973లో న్యూయార్క్ బెల్మాంట్ పార్క్‌లో మార్ల్‌బరో కప్ గుర్రప్పందెం మొదలై, సెక్రటేరియట్ అనే విఖ్యాతమైన గుర్రం దానిని ప్రపంచ రికార్డు వేగంతో గెలిచింది. మైదానంలోని బోర్డు మీద, ఆటగత్తె వెనుక, ట్రోఫీ పక్కన, వార్తాపత్రిక శీర్షికలో సిగరెట్ పేరు నిషేధానికి అందకుండా వెలుగుతూనే ఉంది. కల్మన్‌కు టెన్నిస్ మీద ప్రేమ నిజమైనదే కావచ్చు. ఆ ప్రేమ, కంపెనీ అవసరం ఒకే దారిన నడిచాయి.

సిగరెట్ డబ్బు తీసుకోవడానికి ఆటగత్తెలు సంకోచించలేదా?

ఎదురుగా ఉన్న దారులు వారికి రెండే. మగవారి బహుమతిలో ఎనిమిదో వంతుకు తలవంచి ఆడటం, లేదా చేయి అందించిన సంస్థతో కలిసి నడవటం. వారు రెండోది ఎంచుకున్నారు. 1973లో మహిళా టెన్నిస్ సంఘం ఏర్పడటం, అదే ఏడాది యూఎస్ ఓపెన్ స్త్రీ పురుష విజేతలకు 25,000 డాలర్ల చొప్పున సమాన బహుమతి ఇవ్వడం ఆ తెగువకు దక్కిన ఫలాలు. ఆ సమాన బహుమతికి డబ్బు చేర్చింది పొగాకు కంపెనీ కాదు, డియోడరెంట్ తయారీదారు. కాలం గడిచి, క్రీడలలో పొగాకు డబ్బు మీద వ్యతిరేకత పెరిగాక కూడా బిల్లీ జీన్ కింగ్ ఆ అనుబంధాన్ని వదులుకోలేదు. 1999లో ఆమె ఫిలిప్ మోరిస్ డైరెక్టర్ల బోర్డులో చేరినప్పుడు తీవ్రమైన విమర్శలు వచ్చాయి. ఆటగత్తెగా ఆమె మీద ఉన్న గౌరవం ఆ విమర్శలకు అడ్డు కాకూడదని మా ఉద్దేశం.

## విరమణ తర్వాత, ఆయన వదిలి వెళ్లినది

పదవి దిగాక ఏం చేశారు?

1978లో అధినేత బాధ్యతల నుంచి తప్పుకున్నాక ఆయన సమయం ఎక్కువగా క్రీడలకూ ప్రకృతి పరిరక్షణకూ వెళ్లింది. న్యూపోర్ట్‌లోని టెన్నిస్ హాల్ ఆఫ్ ఫేమ్‌కు 1980లలో మొదట అధ్యక్షుడిగా, తర్వాత ఛైర్మన్‌గా పనిచేశారు. గాలం వేసి సాల్మన్ చేపలు పట్టడం ఆయనకు మహా ఇష్టం. అట్లాంటిక్ సాల్మన్ తరిగిపోతుంటే దాన్ని కాపాడే ఉద్యమంలో ముందుండి నిధులు సమకూర్చారు.

చివరికి ఆయన మహిళలకు మేలు చేసినట్టా, కీడు చేసినట్టా?

క్రీడాకారిణులకు మేలు జరిగింది. తొమ్మిది మంది ఒక డాలరుకు సంతకం చేసిన చోటు నుంచి, క్రీడల ద్వారా అత్యధికంగా సంపాదించే మహిళలలో టెన్నిస్ ఆటగత్తెలే ముందుండే స్థాయి వచ్చింది. ఆ గెలుపును ఎవరూ చిన్నబుచ్చలేరు.

కానీ ప్రేక్షకులలో కూర్చున్న అమ్మాయిల సంగతి కూడా చూడాలి. 1960ల చివర మహిళల బ్రాండ్లు ప్రచారంలోకి వచ్చిన సమయానికే పద్దెనిమిది ఏళ్లలోపు అమ్మాయిలలో పొగతాగడం మొదలుపెట్టేవారి సంఖ్య ఉన్నట్టుండి పెరిగిందనీ, అదే వయసు అబ్బాయిలలో ఆ పెరుగుదల కనిపించలేదనీ 1994లో అమెరికా వైద్య సంఘం పత్రికలో వచ్చిన అధ్యయనం చూపింది. 1987 నాటికి అమెరికా స్త్రీలలో రొమ్ము క్యాన్సర్ మరణాలను ఊపిరితిత్తుల క్యాన్సర్ మరణాలు మించిపోయాయి. దీనంతటికీ ఒక్క బ్రాండో, ఒక్క మనిషో కారణం కాదు. అయినా మహిళల స్వేచ్ఛను సిగరెట్ పెట్టె మీద ముద్రించి అమ్మిన కంపెనీకి ఆ సంవత్సరాలలో అధినేత ఆయనే. మైదానంలో జరిగిన మేలును ఆసుపత్రిలో జరిగిన కీడుకు చెల్లు వేయడానికి మాకు మనసొప్పదు.

వర్జీనియా స్లిమ్స్ పేరు టెన్నిస్‌లో ఎప్పటివరకు ఉంది?

1970 నుంచి 1978 వరకు ఒక విడత, మధ్యలో ఏవాన్ అనే సౌందర్య సాధనాల కంపెనీ స్పాన్సర్‌గా ఉన్నాక, 1983 నుంచి 1994 వరకు మరో విడత. 1998లో 46 అమెరికా రాష్ట్రాలతో సిగరెట్ కంపెనీలు కుదుర్చుకున్న పరిష్కార ఒప్పందం, బ్రాండ్ పేరుతో చేసే స్పాన్సర్‌షిప్‌ల మీద కఠినమైన పరిమితులు విధించింది.

ఈ కథకు మన దేశంతో, తెలుగు నేలతో ఏమైనా సంబంధం ఉందా?

ఉంది. కల్మన్ అధినేతగా ఉన్న కాలంలోనే, 1968లో, ఫిలిప్ మోరిస్ మన దేశంలోనూ వ్యాపారం ఉన్న గాడ్‌ఫ్రే ఫిలిప్స్ అనే సిగరెట్ కంపెనీని తన అధీనంలోకి తీసుకోవడంతో మన దేశపు సిగరెట్ వ్యాపారంలోనూ దానికి పాదం మోపే చోటు దొరికింది. సిగరెట్లకు వాడే వర్జీనియా పొగాకు ఆంధ్ర రైతుకు ప్రధానమైన వాణిజ్య పంట. 1976లో ఏర్పడిన పొగాకు బోర్డు ప్రధాన కార్యాలయం గుంటూరులోనే ఉంది. బ్యారన్‌లో (పొగాకును వేడితో ఆరబెట్టే గదిలో) ఆకు కాల్చే రైతుకు న్యూయార్క్‌లో ఎవరు ఛైర్మనో తెలియనవసరం లేకపోయినా, అక్కడ అమ్మకాలు నిర్ణయించే తీరు చివరికి ఇక్కడి ధరను తాకుతుంది.

క్రీడలకు సిగరెట్ పేరు పెట్టే పద్ధతి మనకూ కొత్త కాదు. భారత, పాకిస్తాన్, శ్రీలంక దేశాలు కలిసి నిర్వహించిన 1996 ప్రపంచ కప్ క్రికెట్ పేరే విల్స్ ప్రపంచ కప్. దానిలో వెస్టిండీస్, జింబాబ్వే మ్యాచ్ హైదరాబాద్‌లోనూ, ఆస్ట్రేలియా, కెన్యా మ్యాచ్ విశాఖపట్నంలోనూ జరిగాయి. ప్రభుత్వం నిషేధ బిల్లును ప్రకటించాక 2001లో విల్స్ సిగరెట్లు తయారుచేసే ఐటీసీ కంపెనీ క్రికెట్ స్పాన్సర్‌షిప్ నుంచి తప్పుకుంది. 2003లో వచ్చిన సిగరెట్లు, ఇతర పొగాకు ఉత్పత్తుల చట్టం పొగాకు ప్రకటనలతో పాటు క్రీడలకు పొగాకు బ్రాండ్ల స్పాన్సర్‌షిప్‌ను కూడా నిషేధించింది.